జనగామ స్టేషన్లో ఢావ్లో

మానుకోట,
19 సెప్టెంబరు 2011.

విమలక్కకు సంగీత నమస్కారం.

ఈ కాలంలో ఉత్తరాలేమిటి, ఫోను చేసుకోవచ్చు కదా అని మా ఇంటి ఓనరమ్మ నవ్వుతోంది. చేసేదాన్నే. కానీ తెలంగాణ కోసం గనుల్లో సమ్మె మొదలైనప్పటి నుంచి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, తండాల్లో సిగ్నల్ ముందే లేదు. బస్సులు నిలిచాయి, నీ బడి నిలిచింది, మా యూనివర్సిటీ నిలిచింది. పోస్టాఫీసు కేంద్రం వాళ్లది కాబట్టి అదొక్కటే తలుపు తీసి ఉంటోంది. అదీగాక హాస్టల్లో నాకు తెలుగు దిద్దింది నువ్వే కదా. నా రాతలో నువ్వు తప్పులు పట్టకపోతే నాకు తోచదు

పరిశోధన సంగతి అడిగావు. మా కాగితాల్లో దాని పేరు మనుషుల అక్రమ రవాణా. ఆ మాట తండాలో అంటే ఎవరికీ ఎక్కదు. "పెండ్లి చేసి పంపినం" అంటారు. ఎక్కడికి అంటే చేయి ఎత్తి ఉత్తరం దిక్కు చూపిస్తారు. పిల్ల వెంట తండా నుంచి ఎవరూ పోరు, మళ్లీ పిల్ల మాట వినబడదు. అమ్మారా అని అడిగితే కొడతారు. అందుకని నేను వేరేలాగా అడుగుతున్నాను. పిల్ల పోయేటప్పుడు ఢావ్లో పాడిందా అని అడుగుతాను. ఢావ్లో అంటే మా లంబాడి పెళ్లికూతురు అత్తగారింటికి పోయేముందు మెడ పట్టుకొని ఏడుస్తూ పాడే పాట. అమ్మ పేరు, నాయిన పేరు, ఊరి పేరు అన్నీ అందులో వస్తాయి. నిజం పెళ్లయితే తల్లి ఆ పాట తలుచుకొని కళ్లు తుడుచుకుంటుంది. కాకపోతే తల దించుకుంటుంది. ఆ తల దించుకోవడమే నాకు జవాబు.

గార్ల దగ్గర తండాలో తారి అనే ఆమె ఇంట్లో రెండు పూటలు తిన్నాను. ఆమె కూతురు సోనికి పదహారేళ్లు. ఏడో తరగతితో బడి మానేసింది. నా సంచి మోస్తూ తండా అంతా తిప్పింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. తండ్రి గనుల దిక్కు కూలికి పోయాడు, సమ్మెతో ఇంటికి పైసలు రావడం లేదు. సోని నన్ను ఒకటే అడిగింది, నీలాగా హాస్టల్లో చదువుకుంటాను తీసుకపో అని. సమ్మె అయిపోగానే జనగామలో చేర్పిస్తానని మాటిచ్చాను. నీ దగ్గరికే తెస్తాను అక్కా.

నీ చెల్లెలు,
సంగీత.

*

జనగామ,
26 సెప్టెంబరు.

చెల్లీ సంగీతా,

తప్పులేం లేవు గానీ "తోచదు" దగ్గర చుక్క పెట్టడం మరిచావు. సోనిని తప్పకుండా తీసుకురా. ముందు గది ఊరికే ఉంది. మీ బావ పోయినప్పటి నుంచి ఆ గదిలో చీపురు తిప్పి మళ్లీ తలుపు వేయడమే నా పని. ఇంట్లో మాట వినబడాలని రేడియో పెట్టుకుంటున్నాను, ఇప్పుడు కరెంటు కోతలతో అదీ పోయింది.

ఈ వారం మాత్రం నేను ఇంట్లో లేను. స్టేషన్లో ఉన్నాను. రైలు రోకో. ఊరంతా పట్టాల మీదే. పొయ్యిలు అక్కడే, వంట అక్కడే, బతుకమ్మ పాటలు అక్కడే. సికింద్రాబాద్ పోయే బండి ఒకటి మా దగ్గరే నిలిచిపోయింది. అందులో వాళ్లు మనవాళ్లే కదా అని అందరికీ పులిహోర పెట్టాం. ఒక ముసలాయన తిని చెయ్యి కడుక్కొని, "తెలంగాణ వస్తదో రాదో గని బువ్వ మంచిగుంది" అన్నాడు. అందరం నవ్వాం.

అసలు సంగతి ఇప్పుడు వస్తుంది. ఆడవాళ్లందరూ గుండ్రంగా నిలబడి పాడుతున్నారు. నేను నల్లా దగ్గర పక్కకు నిలబడ్డాను. బొట్లు పెట్టుకునే చోట, పాటల చోట నేను పక్కకే ఉంటాను, నీకు తెలుసు. ఎవరూ పొమ్మనరు, అయినా కాళ్లు ముందుకు పోవు. అప్పుడు బండిలోంచి ఒక లంబాడి పెళ్లికూతురు దిగింది. వెంట ఒకామె ఉంది. నీళ్లు తాగడానికి వచ్చింది కాబోలు. ఇంతమంది ఉండగా ఆ పిల్ల సూటిగా నా దగ్గరికొచ్చి, మెడ చుట్టూ చేతులు వేసి, మీ ఢావ్లో ఎత్తుకుంది! నీ ఉత్తరం రెండు రోజుల ముందే చదివాను కదా, వెంటనే గుర్తుపట్టాను. ఎంత గొంతు సంగీతా. అమ్మను పిలుస్తున్నట్టు యాడీ యాడీ అంటుంది, భూపాలపల్లి అంటుంది, వాల్యా అని ఎవరి పేరో చెబుతుంది. నాకు అర్థమైంది ఆ రెండు మూడు మాటలే. బతుకమ్మ పాడేవాళ్లు కూడా ఆగి చూశారు.

ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చి ఏమైందమ్మా అని అడిగింది. నేనే చెప్పాను, పెండ్లి పిల్ల, గది వాళ్ల ఆచారం, ఏడ్వనియ్యి అని. నాకు ఎంత గర్వంగా ఉందో. అందరిలో నాకొక్కదానికే తెలుసు కదా ఆ పాట సంగతి.

పాడేవాళ్లలోంచి శోభారాణి, గట్టమ్మ వచ్చి పిల్లకు బొట్టు పెట్టి గాజులు తొడిగారు. నేను పెట్టకూడదు కాబట్టి నా టిఫిన్ డబ్బా నిండా పులిహోర పెట్టి ఇచ్చాను. అత్తగారింట్లో మంచిగుండు బిడ్డా అన్నాను. బండి కదిలేదాకా కిటికీలోంచి నన్నే చూసింది.

మనిషి చెయ్యి నా మెడ మీద పడి ఎన్నాళ్లయింది. శుభకార్యానికి నన్ను ఎవరూ పిలవరు. ఒక పెళ్లికూతురు తనంతట తానే వచ్చి నన్ను వాటేసుకుంది. ఆ రోజంతా మెడ తడుముకుంటూనే ఉన్నాను. నవ్వకు.

మీ అక్క,
విమల.

*

గార్ల,
2 అక్టోబరు.

విమలక్కకు,

నీ ఉత్తరం మానుకోట నుంచి ఒకరు తెచ్చి ఇచ్చారు. కొన్ని సంగతులు తెలియాలి. పరిశోధనకు పనికొస్తాయి.

ఆ పిల్ల వెంట ఉన్న ఆమె ఎట్లా ఉంది? ఏ భాష మాట్లాడింది? లంబాడి మాట వచ్చా ఆమెకు? ఎక్కడికి పోతున్నామని చెప్పింది? మగవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంకా ఆడపిల్లలు ఉన్నారా? నువ్విచ్చిన డబ్బా ఎలాంటిది?

చప్పున రాయి. పేజీలకు పేజీలు వద్దు, అడిగినవి చాలు.

సంగీత.

*

జనగామ,
9 అక్టోబరు.

సంగీతా,

ఇంత కటువుగా రాయడం ఎవరు నేర్పారు నీకు? నేనైతే నేర్పలేదు. పండుగ ఎట్లా అయింది అక్కా అని ఒక్క మాట లేదు. పండుగ నాడు జమ్మి ఆకు ఇవ్వడానికి కింది ఇంటి దుర్గయ్య తాత తప్ప ఎవరూ రాలేదు. ఆయనకూ కళ్లు సరిగా కనబడవు, మీ బావ ఉన్నాడనుకొని ఆయన్ని పిలిచాడు. నేను లేరని చెప్పలేదు. బయటికి పోయారన్నాను.

సరే, నువ్వడిగినవి. ఆమెకు నలభై దాటి ఉంటాయి. పెద్ద అంచు చీర. తెలుగు మనలాగే మాట్లాడింది, ఫోనులో హిందీ. లంబాడి మాట రానట్టుంది, పిల్ల పాడుతుంటే నావైపు చూసి, ఏమంటున్నది అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. నేను నవ్వి, పాట అన్నాను. ఆమె కూడా నవ్వింది. సికింద్రాబాద్‌లో గుజరాత్ బండి దొరకదేమో అని పరేషాన్ అయింది. పాట అయ్యాక పిల్ల రెక్క మాత్రం వదలలేదు, జనంలో తప్పిపోతుందని కాబోలు. మగవాడు ఒకడు బండి తలుపు దగ్గర నిలబడ్డాడు, దిగలేదు. వేరే పిల్లలను చూడలేదు.

డబ్బా సంగతి ఎందుకు? నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మీ బావ కొన్న స్టీలు డబ్బా. మూత మీద వి. విమల, టీచర్, జనగామ అని గిన్నెల దుకాణంలో చెక్కించాడు. ఇచ్చాక కొంచెం బాధ అనిపించింది. పెళ్లికూతురికిచ్చాను కదా, పోనీలే.

సోని సంగతి రాయలేదేం? గదికి సున్నం వేయించాను. ఆ పిల్లకు పులిహోర ఇష్టమేనా?

విమల.

*

భూపాలపల్లి,
15 అక్టోబరు.

విమలక్కకు,

ఆలస్యానికి ఏమనుకోకు. బస్సుల్లేవు. పాలవ్యాను, ట్రాక్టరు, కొంత నడక. ఇక్కడ గని కార్మికుల సమ్మె శిబిరంలో కూర్చొని రాస్తున్నాను. పొయ్యి మీద పెద్ద గుండిగ, దాని చుట్టూ పాటలు. ఎవరికీ జీతం లేదు, అయినా ఎవరూ లేచి పోవడం లేదు. ఇంతమంది మధ్య కూర్చున్నా నాకు మాట్లాడే మనిషి లేదు.

సోని హాస్టలుకు రాదు అక్కా. నేను గార్ల పోయేసరికే పోయింది. మేనమామ సక్రు సంబంధం తెచ్చాడు. కట్నం వద్దన్నారు, పిల్లనిస్తే చాలు అన్నారు, ఆ పొద్దే పంపాలన్నారు. ఇంట్లో నూకలు కూడా లేవు. తారి ఒప్పుకుంది. నేను ఢావ్లో పాడిందా అని అడిగితే తల దించుకుంది. పాడనియ్యలేదట, బండికి టైము అయిందని. ఠాణాలో ఫిర్యాదు రాసిచ్చాను. సిబ్బంది అంతా బందోబస్తులో ఉన్నారు, తీసుకొని పెట్టుకున్నారు.

ఇక్కడికి వచ్చింది సోని తండ్రి కోసం. ఆయన పేరు వాల్యా. ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు కూలీ. నేను పోయేసరికి తోటివాళ్లకు బెల్లం పంచుతున్నాడు, బిడ్డ పెండ్లయిందని. బెల్లం అప్పు తెచ్చాడట. నేను ఆయన్ని పక్కకు పిలిచి చెప్పాను. చేతిలో మిగిలిన బెల్లం ముక్కను మళ్లీ కాగితంలో చుట్టాడు.

"బస్సుల్లేవని పెండ్లికి పోకపోతి. నా బిడ్డ నా మెడ పట్టుకొని పాడకుంటనే పాయె. ఎవలతోని చెప్పుకున్నదో" అన్నాడు.

నాకు జవాబు తెలుసు. చెప్పాను. నీకు మాత్రం చెప్పే ధైర్యం లేదు, ఆయన పేరు ఇక్కడ రాసినందుకే చేయి ఆగిపోతోంది. పేరు దాచి రాద్దామనుకున్నాను. నీకు అబద్ధం రాయడం కూడా నాకు చేతకాలేదు.

సంగీత.

*

జనగామ,
27 అక్టోబరు.

సంగీతా,

వాల్యా. భూపాలపల్లి.

ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి పెట్టాను. బడి తెరిచారు, పోయాను. మా బడిలో వంట చేసే రజిత మీవాళ్లే. ఇన్నేళ్లుగా ఆమె వండింది తింటున్నాను, ఆమె భాష ఏమిటో ఒక్కనాడు అడగలేదు. ఢావ్లో సంగతి అడిగాను. స్టేషన్లో జరిగింది మొత్తం చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టింది.

"సొంతోల్ల మెడ పట్టుకొనే పాడ్తరు టీచరమ్మా, అది గూడ తండాల, ఇల్లు ఇడిచేటప్పుడే. రైలు దిగి పరాయోల్ల మీద పడి ఎవ్వలు పాడరు. గా పిల్ల పాడలే. నిన్ను బతిలాడింది."

నన్ను పట్టుకోమని అడిగింది సంగీతా. నా చేతుల్లో పడి, అమ్మను పిలిచి, నాయిన పేరు, నాయిన ఉన్న ఊరు చెప్పి, నన్ను పోనియ్యకు అని అడిగింది. నేను ఆచారం అన్నాను. అడగడానికొచ్చిన కానిస్టేబుల్‌ను నేనే వెనక్కి పంపాను. పులిహోర పెట్టి మరీ సాగనంపాను. సున్నం వేయించిన గది ఎవరి కోసమో, ఆ పిల్లనే రైలెక్కించాను. పేరు కూడా అడగలేదు.

మన మాటను సినిమాల్లో ఎక్కిరిస్తారని నేను ఎన్ని సభల్లో మాట్లాడాను. మన గోస ఢిల్లీకి వినబడదని ఆ పట్టాల మీదే కూర్చొని అరిచాను. ఆ అరుపుల్లోనే ఒక పిల్ల నా చెవిలో గోస చెప్పుకుంటే పాట బాగుందనుకున్నాను.

నీ మీద కూడా కోపంగా ఉంది, చెబుతున్నాను. గార్లలో నా ఉత్తరం చదివిన నాడే నీకు తెలిసింది. ఠాణాలో అడిగినట్టు అవీ ఇవీ అడిగి రాయించుకున్నావు. నేను డబ్బా పోయిందని, పండుగకు ఎవరూ రాలేదని రాసుకుంటూ కూర్చున్నాను. నీకు నేను మనిషిలాగా కనబడలేదా?

ఇక మెడ తడుముకోను. అక్కడ చెయ్యి పెట్టాలంటే భయమేస్తోంది.

విమల.

*

గుజరాత్ (ఊరి పేరు రాయకూడదన్నారు, కేసు నడుస్తోంది),
29 నవంబరు.

అక్కా,

ముందు ఇది చదువు. సోని దొరికింది. బతికే ఉంది. నా పక్క గదిలో నిద్రపోతోంది.

నువ్వు తిట్టినవన్నీ నిజమే. చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. బావ పోయిన తర్వాత నీ ఉత్తరంలో సంతోషం చూడటం అదే మొదలు. ఆ పిల్ల వాటేసుకున్న సంగతి రాసిన పేజీలో నువ్వు మళ్లీ హాస్టలు నాటి విమలక్కవు. దాన్ని నీ నుంచి లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు. అయినా తప్పు నీ ఒక్కదానిది కాదు. మెడ పట్టుకొని పాడే పాట అని నీకు రాసింది నేను. సొంతవాళ్ల మెడ అని రాయలేదు. మాకది చెప్పాల్సిన సంగతి అనిపించదు. నీళ్లు తడిగా ఉంటాయని ఎవరైనా రాస్తారా?

ఎట్లా దొరికిందో విను. నువ్వు గుజరాత్ బండి అన్నావు కదా, ఇక్కడి మహిళా సంఘాలకు వరసగా ఫోన్లు చేయించాను. సోని పేరు చెబితే లాభం లేదు, ఈ పిల్లలకు పేరు మార్చి, ఇరవై ఏళ్లని చెప్పమని నేర్పిస్తారు. అందుకని ఒక్కటే అడిగాను. గుండ్రటి అక్షరాలు చెక్కిన స్టీలు డబ్బా ఏ పిల్ల దగ్గరైనా ఉందా? పోలీసులు ఒక ఇంటి మీద దాడి చేసి తెచ్చిన పిల్లల్లో ఒకరు ఎవరితోనూ మాట్లాడటం లేదని, అలాంటి డబ్బా మాత్రం తల కింద పెట్టుకొని పడుకుంటుందని ఒక ఊరి నుంచి చెప్పారు. మూత ఫొటో పంపారు. నీ పేరు కనబడగానే వాల్యాకు కబురు పంపాను.

వాల్యా నాతో వచ్చాడు. కూతురు ముందు కూర్చున్నాడు. ఆమె పాడలేదు, ఏడవలేదు, మెడ పట్టుకోలేదు. ఆయనే ఆమె పాదాలు పట్టుకొని కూర్చున్నాడు. ఇప్పటికీ రెండు మూడు మాటలకంటే ఎక్కువ మాట్లాడదు. సక్రు నిజమైన సంబంధమే అనుకున్నానని ప్రమాణం చేస్తున్నాడట, అది కోర్టు తేల్చాలి. పెద్ద అంచు చీర ఆమె దొరకలేదు. నువ్వు చూశావు కాబట్టి నీ సాక్ష్యం కావాలి.

వచ్చే సోమవారం మధ్యాహ్నం మా బండి జనగామలో ఆగుతుంది. ఎక్కువసేపు ఆగదు. డబ్బా ఇచ్చేయాలి అంటోంది సోని. అది ఆమె చెప్పిన మాటల్లో ఒకటి. రావడం నీ ఇష్టం.

సంగీత.

*

జనగామ,
6 డిసెంబరు.

సంగీతా,

నిన్న స్టేషన్లో మనకు మాట్లాడుకునే వ్యవధి దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

నేను పొద్దుటి నుంచే అక్కడ ఉన్నాను. అదే నల్లా దగ్గర నిలబడ్డాను, వేరేచోట నిలబడితే గుర్తుపట్టదేమో అని. రావొద్దనీ అనుకున్నాను. ఉమ్మి వేసినా నిలబడి తుడుచుకుందాం అనుకొని వచ్చాను.

సోని దిగింది. ఎంత బక్కగా అయింది. రెండు చేతులతో డబ్బా ఇచ్చింది. నేను క్షమించమనలేదు, ఆ మాట అనడానికి నాకు నోరు లేదు. ఒక్కటే అడిగాను. అంతమంది ఉండగా నా దగ్గరికే ఎందుకొచ్చినవ్ బిడ్డా అని. నీకు వినబడి ఉండదు, నువ్వు సామాన్లు చూస్తున్నావు. ఆమె తెలుగులో చెప్పింది.

"తెలుగుల చెప్తే ఆమెకు తెలుస్తదని మా మాటల చెప్పిన. అందరు పాడవట్టిరి. నువ్వొక్కదానివే ఊకె నిలవడ్డవు. నా మాట ఇంటవనుకున్న."

అంతే. బండి కూత వేసింది. వాల్యా నాకు దండం పెట్టాడు. ఎందుకు పెట్టాడో తెలియదు, నేను తల దించుకున్నాను. నీ లెక్కలో తల దించుకోవడమే జవాబు కదా.

ఇంటికొచ్చి మూత తీశాను. ఎవరి గిన్నె అయినా ఖాళీగా ఇవ్వకూడదని ఆ పిల్లకు ఎవరు చెప్పారో, గుప్పెడు పల్లీలు ఉన్నాయి. దారిలో కొన్నట్టున్నారు. తినలేక, పారేయలేక ముందు గదిలో అట్లాగే పెట్టాను.

సాక్ష్యానికి వస్తాను. ఆమె చీర అంచు, గొంతు, పిల్ల రెక్క పట్టుకున్న చెయ్యి, అన్నీ గుర్తున్నాయి. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. సోని ఎప్పుడైనా చదువుకుంటానంటే గది ఉంది. అనకపోతే అడగొద్దు. నా దగ్గర ఉండమని బలవంతం చేసే హక్కు నాకు లేదు.

ఇక నీకో పని. హాస్టల్లో నీకు తెలుగు దిద్దాను. నువ్వు 'ళ' సరిగా పలికేదాకా నిన్ను అన్నానికి లేవనివ్వలేదు. అన్నేళ్లు ఒకే గదిలో పడుకొని, మీ భాషలో ఒక్క ముక్క నేర్పమని నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రజితనూ అడుగుతాను, కానీ మొదటి మాట నువ్వే రాసి పంపు. సెలవు రోజుల్లో స్టేషనుకు పోతున్నాను, నల్లా దగ్గర నిలబడుతున్నాను. మీ పిల్ల ఎవరైనా నీళ్లకు దిగితే అడగాలి. "నిన్ను ఎవలు తీస్కపోతున్నరు బిడ్డా?" అన్నది మీ మాటలో ఎట్ల అనాలో తెలుగు అక్షరాల్లో రాయి. తప్పుల్లేకుండా రాయి.

నీ జవాబు కోసం ఎదురుచూసే,
విమలక్క.